నిండా, పగులా

మా ఆయన సినిమా కళ్లు మూసుకుని చూస్తాడు. అదీ మామూలు సినిమా కాదు, చైనా వాళ్ల పాత కొట్లాట సినిమా. కొండ మీద గురువు, వెదురు తోపులో ఎగిరే శిష్యుడు, బొడ్డు దాకా తెల్లగడ్డం వేలాడే దుర్మార్గుడు, ఇవేవీ ఆయనకు అక్కర్లేదు. టీవీకి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని, కళ్లు మూసి, తల కొంచెం పక్కకు వంచి కూచుంటాడు. కొత్తగా వచ్చినవాళ్లు నిద్రపోతున్నాడనుకుంటారు. టీవీ కొన్న కొత్తలో నేనూ అట్లాగే అనుకుని, కరెంటు దండగ అని ఆపేసి తిట్లు తిన్నాను.

పేరు నిత్యానందం. ఆ పేరు పెట్టిన మా మామగారు కొడుకు మొహం సరిగ్గా చూసి పెట్టలేదని నా అనుమానం. మనిషి నవ్వడం అరుదు, ఎదుటివాణ్ణి మెచ్చుకోవడం ఇంకా అరుదు. దానికి ఆయన చేసిన పని కూడా కొంత కారణం.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో ఆయనది తట్టి చూసే పని. గనిలోంచి వచ్చిన రాయిని పల్చగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది పేరిస్తే, ఈయన ఒక్కొక్క పలకనీ ఎడమచేతి వేళ్ల మీద నిలబెట్టి కుడిచేతి వేలి కణుపుతో టక్కున కొట్టేవాడు. ఖంగుమంటే "నిండు" అనేవాడు. బొదబొదమంటే లోపలెక్కడో కంటికి కనపడని చీలిక ఉన్నట్టు, "పగులు" అనేవాడు. నిండు ఒక పక్కకు పోతుంది, పగులు ఇంకో పక్కకు పోతుంది. అంతే, ఆ మాటకు తిరుగులేదు. కళ్లతో చూస్తే మోసపోతామని, నిగనిగలాడే పలకలోనే పగులు దాక్కుంటుందని, పని చేసినన్నాళ్లూ కళ్లు మూసుకునే తట్టాడు. ఫ్యాక్టరీ మానేసి ఇంట్లో కూచున్నాక కూడా కుండనీ, కొబ్బరికాయనీ, చివరికి నేను కొత్తగా తెచ్చిన స్టీలు గిన్నెనీ తట్టకుండా వదలడు.

ఈ చైనా పిచ్చి కుర్రతనంలోనే పట్టిందట. బస్టాండు దగ్గర వీడియో హాల్లో ఆ సినిమాలు వేసేవాళ్లు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒకనాడు ముందు బెంచీలో తలపాగా మనిషి అడ్డం కూచుని బొమ్మ కనపడక, ఈయన విసుగొచ్చి కళ్లు మూసుకున్నాడట. అప్పుడు వినపడిందట దెబ్బ. ఒకడి గుద్దు ఖంగుమంటోంది, ఇంకొకడిది బొదబొదమంటోంది. అచ్చం పలకే! ఇంకేముంది, ఆ రోజు నుంచి మా ఆయన చైనా దేశానికి కూడా తట్టి చూసే మనిషి అయిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం మా ఇల్లు చిన్న సినిమా హాలు. పుస్తకాల కొట్టు కృష్ణమూర్తి అన్న వస్తాడు, ఆటో నడిపే దాసయ్య వస్తాడు, వాళ్ల వెనక వీధిలో సగం మంది వస్తారు. నేను పక్క గదిలో మిషన్ కుట్టుకుంటూ ఉంటాను. సినిమా అయ్యాక అందరూ ఆయన మొహం చూస్తారు. ఆయన కళ్లు తెరిచి గొంతు సవరించుకుంటాడు.

"గురువు నిండు. శిష్యుడు మొదట్లో పగులు, మంచులో సాధన చేసినాక నిండు. ఆ గడ్డమోడు ఉన్నాడే, వాడు మొదట్నుంచీ నిండేరా. పాపం, కథలో వాణ్ణి అన్యాయంగా చంపినారు."

"అదేంది మామా, వాడు దుర్మార్గుడు గదా?" అంటాడు దాసయ్య.

"బుద్ధి దుర్మార్గంరా. చెయ్యి కాదు."

ఇంక దానికి అప్పీలు లేదు. వీధి వీధంతా ఆ రెండు మాటలకూ అలవాటు పడింది. పెళ్లి సంబంధం వస్తే "నిండా, పగులా?" అని అడుగుతారు, ఎన్నికల్లో నిలబడ్డవాణ్ణి చూసీ అదే అడుగుతారు. నేను పైకి విసుక్కున్నా లోపల కొంచెం పొంగిపోయేదాన్ని. అబద్ధం ఎందుకు చెప్పాలి? పలకలు తట్టిన మనిషిని నలుగురూ కూచుని వింటున్నారంటే నాకూ గొప్పగానే ఉండేది.

ఆ గొప్పే మా కొంప ముంచింది.

మా ఊళ్లో సుందరరాజు అని ఒకతను పిల్లలకు కరాటే, కుంగ్‌ఫూ నేర్పిస్తాడు. రెండూ ఒకటేనా అంటే బోర్డు మీద రెండూ ఉన్నాయంటాడు. దసరా సెలవులకు ముందు బడి గ్రౌండులో పోటీ పెట్టాడు. గెలిచిన ఆడపిల్లను ఒంగోలులో జరిగే జిల్లా పోటీకి పంపుతారు. ఒక్కరికే చోటు. రావలసిన జడ్జి ఒకాయన రాలేదు. సుందరరాజు పరుగెత్తుకుంటూ మా ఇంటికొచ్చాడు.

"మామా, నువ్వే కూచోవల్ల. ఊళ్లో ఈ విద్య గురించి నీకన్నా ఎవరికి తెలుసు?"

"నేను సినిమాలు చూసేవాణ్ణిరా," అన్నాడు మా ఆయన. అనేటప్పటికే ఇస్త్రీ చొక్కా కోసం బీరువా తెరుస్తున్నాడు.

శాలువా కప్పారు. కుర్చీ వేశారు. నేను ముందు వరుసలో కూచున్నాను. చివరికి ఇద్దరు పిల్లలు మిగిలారు. ఇద్దరూ కొట్టుకోవడం కాదు. ఎదురుగా ఎవరూ లేకుండా, గాల్లోకి గుద్దులూ తన్నులూ ఒక వరసలో చేసి చూపించాలి. దాన్ని కటా అంటారట.

మొదటి పిల్ల కావ్య, మెయిన్ బజారులో ఇనుప సామాన్ల దుకాణం వాళ్లమ్మాయి. హైదరాబాదు నుంచి తెప్పించిన తెల్ల డ్రెస్సు, మందంగా, గంజి పెట్టి, కాగితంలా ఉంది. చెయ్యి విసిరినప్పుడల్లా ఠప్పుమనేది. రెండో పిల్ల మల్లి. యర్రగొండపాలెం అవతల, అడవి అంచున గూడెం. తల్లీ తండ్రీ లేరు, అవ్వ నరసమ్మ అడవిలో కుంకుడుకాయలు, తేనె తెచ్చి అమ్మి పెంచింది. ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆ పిల్ల చెయ్యి విసిరితే విసిరినట్టే తెలిసేది కాదు. నీళ్లలో చేప తిరిగినట్టు తిరిగింది. నాకేం తెలుసు ఆ విద్య, కానీ చూస్తుంటే ఒళ్లు జలదరించింది.

మిగతా ఇద్దరు జడ్జిలు చెరొక పిల్లను ఎంచుకున్నారు. ఇంక మా ఆయన మాటే మాట. మనిషి రెండుసార్లూ కళ్లు మూసుకునే ఉన్నాడు. గ్రౌండంతా అది చూసి గుసగుసలాడుతోంది, మెచ్చుకోలుగానే. మైకు అందుకుని నిలబడ్డాడు.

"కావ్య చెయ్యి నిండు. రెండో బిడ్డ చేతిలో చప్పుడే లేదు. చప్పుడు లేని దెబ్బ దెబ్బ కాదు. పగులు."

మా వీధివాళ్లంతా నవ్వి చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. మల్లి మాత్రం తన పిడికిలి వైపు చూసుకుంది. ఇటు తిప్పి, అటు తిప్పి, లోపల ఏముందో చూడాలన్నట్టు చూసుకుంది. తర్వాత చెయ్యి వెనక్కి పెట్టుకుని నడిచి వెళ్లిపోయింది.

సెలవులిచ్చాక మా అమ్మాయి దుర్గ గిద్దలూరు నుంచి ఫోనుకు ఒక వీడియో పంపింది. "నాయనా, నీ చైనా సినిమాలు ఎట్ల తీస్తారో చూడు," అని. ముచ్చటపడే పంపింది పాపం. అందులో ఒక ముసలాయన గదిలో కూచుని తెర మీద బొమ్మ చూస్తున్నాడు. తెర మీద వీరుడు గుద్దితే ఈయన తోలు దిండును బాదుతున్నాడు. తన్నితే తడి తువ్వాలు విదిలిస్తున్నాడు. ఎముక విరిగితే వెదురు పుల్ల విరుస్తున్నాడు. సినిమాలో దెబ్బలకు చప్పుడు లేదట. అంతా తర్వాత అతికించిందేనట.

మా ఆయన అది చూశాడు. మళ్లీ చూశాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నాడు. అన్నం చల్లారిపోతోందని నేను అరుస్తుంటే మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. ఆదివారం జనం వస్తే కడుపు బాగాలేదని చెప్పి తలుపు వేసుకున్నాడు.

నాకు ముందు నవ్వొచ్చింది. "పోనీలేవయ్యా, ఇన్నేళ్లు దిండుకు తీర్పు చెప్పినావు. దిండు నిండే గదా!" అన్నాను.

నవ్వలేదు. లేచి నా మిషన్ దగ్గరికొచ్చాడు. సంచులు కుట్టే మందపు కాన్వాసు ముక్క ఒకటి, లైనింగు గుడ్డ ముక్క ఒకటి తీసుకున్నాడు. కళ్లు మూసుకుని కాన్వాసు విదిలించాడు. ఠప్పుమంది. "నిండు," అన్నాడు. లైనింగు గుడ్డ విదిలించాడు. చప్పుడే లేదు. "పగులు" అనబోయి ఆగిపోయాడు. రెండు ముక్కలూ చేతిలో పట్టుకుని అట్లాగే నేల మీద చతికిలబడ్డాడు.

"పార్వతీ, ఆ మల్లి చొక్కా ఏం గుడ్డే?"

నా నవ్వు ఆగిపోయింది. జీవితమంతా గుడ్డలు కుట్టినదాన్ని, ముందు వరుసలో కూచుని చూసినదాన్ని. "పల్చటిదే. వాడిన యూనిఫారం విప్పి కుట్టినట్టుంది," అన్నాను.

"మరి నాకు చెప్పలేదేందే?"

"నువ్వు అడిగినావా? నేను చప్పట్లు కొడుతున్నా గదా," అన్నాను. ఆ మాట అంటుంటే నాకే మొహం చెల్లలేదు.

"గుడ్డను గెలిపించినా. బిడ్డను ఓడగొట్టినా," అన్నాడు. ఆ పూట మా ఇంట్లో ఎవరం అన్నం తినలేదు.

మర్నాడు సుందరరాజు దగ్గరికి పోయాం. విషయం చెప్పేసరికి అతను తల పట్టుకున్నాడు. మంచివాడే, కాదనను.

"పేర్లు ఇంకా పంపలేదు మామా. కానీ నువ్వు మైకులో చెప్పినావు, ఊరంతా విన్నది. ఇప్పుడు నా అంతట నేను మార్చితే జనం ఊరుకుంటారా? ఇద్దరి చేతా ఇంకోసారి చేయిస్తా. కావ్య వాళ్ల నాయనతో నేను మాట్లాడతా. కానీ మొదలుపెట్టే ముందర నువ్వు మైకు తీసుకుని, ఆ రోజు చెప్పింది తప్పని నీ నోటితో చెప్పల్ల. అట్లయితేనే."

"చెప్తా. ఎందుకు చెప్పనూ?" అన్నాడు మా ఆయన.

దారిలో నేనన్నాను, మల్లికి మందపు గుడ్డతో కొత్త డ్రెస్సు కుట్టి ఇస్తానని. ఆయన ఒప్పుకోలేదు. "గుడ్డ మారిస్తే చప్పుడు కావాలని మళ్లీ మనమే చెప్పినట్టు. ఆ గుడ్డతోనే చెయ్యనీ. నేను తప్పని ఒప్పుకుంటా," అన్నాడు. ఆ మాటకు నాకు మనసు కొంచెం కుదుటపడింది. తప్పు చేసినా సరిదిద్దుకునే మనిషే అనుకున్నాను.

సెలవులకు ఇంటికి పోయిన మల్లికి ఈ సంగతి చెబుదామని యర్రగొండపాలెం బస్సెక్కి, దిగి, ఆటో మాట్లాడుకుని గూడెం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గుడిసె ముందు నరసమ్మ చాటలో కుంకుడుకాయలు ఏరుతోంది. గుడిసె వెనక నుంచి చప్పుడు. ఠప్. ఠప్. ఠప్. మా ఆయన టక్కున ఆగిపోయాడు. ఆ ఒక్క క్షణం ఆయన మొహం వెలిగింది. అలవాటు ఎక్కడికి పోతుంది? "నిండు" అని పెదవి కూడా కదిలింది.

వెనక్కి పోయి చూశాం. మల్లి కుడిచేత్తో గాల్లోకి గుద్దుతోంది. గుద్దిన ప్రతిసారీ ఎడమచేత్తో తన తొడ మీద తానే చరుచుకుంటోంది. ఆ చరుపు కోసం చెయ్యి దారి తప్పుతోంది, నడుము వంకరపోతోంది. ఆ రోజు చూసిన చేప ఎక్కడుంది? కుంటి నడకలా ఉంది.

"వచ్చినకాన్నుంచీ ఇదే పని," అంది నరసమ్మ వెనక నుంచి. "తొడ కందిపోయిందే అంటే ఇనదు. చప్పుడు రావల్ల అంటది. చప్పుడొస్తే గెలుస్తాదంట."

మా ఆయన చేతులు జోడించాడు. మనవరాలి వయసు పిల్లకు! నేనాయన్ని ఎవరి ముందరా అట్లా చూడలేదు.

"తప్పు నాది బిడ్డా. ఆ రోజు మోగింది గుడ్డ. నీ చెయ్యి బాగుంది. చప్పుడు వద్దు. ముందు ఎట్ల చేసినావో అట్లనే చెయ్."

మల్లి అవ్వ వైపు చూసింది.

"ఏంది సామీ ఇది?" అంది నరసమ్మ. గొంతు పెంచలేదు. "అందరి ముందర మైకులో ఒకమాట చెప్తివి. ఈడికొచ్చి గుడిసె వెనక ఇంకోమాట చెప్తున్నావు. బిడ్డ ఏది నమ్మల్ల?"

"మైకులోనే చెప్తానమ్మా. అందరి ముందరే చెప్తా."

"చెప్పు. అప్పుడు నమ్ముతాది," అంది. మాకు తాగడానికి నీళ్లిచ్చింది.

సెలవులు ముగిసే ముందు మళ్లీ గ్రౌండులో చేరారు. నేననుకున్నదానికంటే జనం ఎక్కువొచ్చారు. మళ్లీ పోటీ ఏందో చూద్దామని మెయిన్ బజారు దిగివచ్చింది. కృష్ణమూర్తి అన్న, దాసయ్య, మా ఆదివారం బ్యాచి మొత్తం ముందు వరుసలో ఉంది. దాసయ్య మా ఆయన్ని చూసి, "మామా, ఈసారి నిండా, పగులా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. మా ఆయన మెడ వంగిపోయింది.

మల్లి ఆ పల్చటి డ్రెస్సులోనే ఒక మూల నిలబడి ఉంది. నరసమ్మ పక్కనుంది. ఇద్దరూ మా ఆయన్నే చూస్తున్నారు.

సుందరరాజు మైకు తెచ్చి చేతిలో పెట్టాడు. "మామా, చెప్తానన్న మాట చెప్పు."

మా ఆయన లేచాడు. మైకు వేలితో టక్ టక్‌మని తట్టి చూశాడు. అదొక జబ్బు. జనం మళ్లీ నవ్వారు. ఆయన ముందు వరుస వైపు చూశాడు. తన ఇంటికొచ్చి తన మొహం వైపు చూసే మనుషులు, ఇన్నేళ్లుగా తన మాట నమ్మిన మనుషులు, అంతా అక్కడే ఉన్నారు. చెప్పవయ్యా, ఒక్క మాటే గదా, చెప్పు, అని లోపల లోపల మొక్కుకుంటున్నాను.

"అందరికీ నమస్కారం," అన్నాడు. ఆగాడు. "ఇద్దరు బిడ్డలూ బాగా చెయ్యల్ల. అంతే."

అని మైకు ఇచ్చేసి వచ్చి నా పక్కన కూచున్నాడు.

నాకు నెత్తిన నీళ్లు పోసినట్టయింది. "ఏమయ్యా, ఏంది ఇది? లేచి చెప్పు!" అని మోచేత్తో పొడిచాను. "నోరు రాలేదే," అన్నాడు. ఆ పూట నా మొగుడి పక్కన కూచున్నందుకు నేను పడ్డ సిగ్గు పగవాళ్లకు కూడా వద్దు. మరి నువ్వెందుకు లేవలేదే, నీకు నోరు లేదా అంటారేమో. ఉంది. వీధిలో నా నోటికి భయపడనివాళ్లు లేరు. ఆ రోజు అది నాకూ రాలేదు.

కావ్య చేసింది. బాగానే చేసింది. ఈసారి ఆ పిల్ల కూడా మామూలు గుడ్డ డ్రెస్సు వేసుకొచ్చింది, సుందరరాజు చెప్పి ఉంటాడు.

మల్లి మధ్యలోకొచ్చి నిలబడింది. సుందరరాజు వైపు చూడలేదు, జడ్జిల వైపూ చూడలేదు. నేరుగా మా ఆయన్ని చూసింది. ఇంకా ఏమన్నా చెప్తాడేమోనని కొంచెంసేపు ఆగింది కూడా. తర్వాత కుడిచెయ్యి ముందుకు గుద్ది, ఎడమచేత్తో తొడ మీద ఠప్పున చరిచింది.

గ్రౌండంతా ఆ చప్పుడు మోగింది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. సుందరరాజు, "మల్లీ, వద్దు!" అన్నాడు గానీ ఆ పిల్ల ఆపలేదు. గుద్దు, చరుపు, తన్ను, చరుపు. నడుము వంకరపోయింది, అడుగు తడబడింది, అయినా ఒక్క చరుపు కూడా తప్పలేదు. మా ఆయన మొదటిసారి కళ్లు తెరిచి మొత్తం చూశాడు. జడ్జిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈసారి ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఒంగోలు చోటు కావ్యదే.

జనం చెదిరిపోతున్నారు. నరసమ్మ చెయ్యి పట్టి పిలుస్తున్నా వినకుండా మల్లి మా దగ్గరికొచ్చింది. రొప్పుతోంది. ఎడమ అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. ఆ గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"ఇప్పుడన్నా ఇనపడిందా, సారూ?"

అడిగి, జవాబు కోసం నిలబడింది. మా ఆయన ఆ పిల్ల మొహం చూడలేక కళ్లు మూసుకున్నాడు.